గుడ్డెద్దుకి తోట రాయించిన ఆదెమ్మ

రండర్రా, చాప మీదకి జరగండి. పండూ, నువ్వా గోడవైపు పడుకో. అమ్మడూ, ఆ కాలు ఆడించడం మాను, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఊ కొట్టాలి సుమా. ఊ కొట్టకపోతే కథ మధ్యలో కూలబడుతుంది, దాన్ని మళ్ళీ లేపడం నా వల్ల కాదు.

ఏడు కాలవల అవతల, ఎనిమిదో కాలవ గట్టున, ఒక ఊరుండేది. ఎంత ఊరనుకున్నారు? ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనేంత ఊరు. ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒక ముసలావిడ. గానుగ ఆదెమ్మ అనేవాళ్ళు. మొగుడూ పెళ్ళాం గానుగ ఆడించి, నువ్వుల నూనె తీసి, ఊరందరికీ పోసేవాళ్ళు. మొగుడు పోయాడు. కడుపున పిల్లల్లేరు. ఒక పెంకుటిల్లు, ఒక గానుగ, కాలవ పక్కన నలభై చెట్ల కొబ్బరితోట, అదీ ఆవిడ ఆస్తి.

పిల్లల్లేరన్నానా? తప్పు చెప్పాను, ముగ్గురున్నారు. ఒకడు పుల్లడు, గానుగెద్దు. పద్దెనిమిదేళ్ళు కళ్ళకి గంతలు కట్టించుకుని గుండ్రంగా తిరిగాడు పాపం. చివరికి ఓనాడు గంతలు విప్పినా వాడికి చీకటే. చూపు పోయింది. ఆ రోజే ఆదెమ్మ గానుగ ఆపేసింది. రెండోది నల్లి, నల్లకుక్క, ఒక కాలు కుంటి. మూడోది గోరింక. గూట్లోంచి పడి రెక్క విరిగితే తెచ్చి పెంచింది. అది ఎగరలేదు కానీ, "ఆదీ! ఆదీ!" అని పేరుపెట్టి పిలిచేది. ఆవిణ్ణి ఆ పేరున పిలిచే మనిషి పోయాక, పిలవడానికి మిగిలింది ఆ పిట్ట ఒక్కటే.

పొద్దున లేస్తే పుల్లడికి కుడితి, నల్లికి గంజన్నం, గోరింకకి నూకలు. ఆ తర్వాతే ఆవిడకి ముద్ద. ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

అలా ఉండగా ఆషాఢంలో ఊరికి ముసురు పట్టింది, ఆదెమ్మకి జ్వరం పట్టింది. మూడు రోజులు ఒళ్ళు తెలీలేదు. వానకి వీధిలోకి వచ్చినవాడు లేడు, గుమ్మంలోకి తొంగి చూసినవాడు లేడు. నాలుగోనాడు పొద్దెక్కాక కళ్ళు తెరిచి, గోడ పట్టుకుని, పాకుతున్నట్టు పెరట్లోకి వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? పాకలో కుడితితొట్టి అడుగు దాకా ఎండి ఉంది. పుల్లడు దాన్ని నాకుతున్నాడు. పాక చూరు తాటాకులు నోటికి అందినంత మేరా నమిలేశాడు. నల్లి గడప మీదే ఉంది. వీధిలోకి పోతే నాలుగు ఎంగిలాకులైనా దొరికేవి కదా, పోలేదు. ఆవిడ మంచం కనిపించే చోటు వదల్లేదు. గోరింక మెడ రెక్కలో దూర్చుకుని కూర్చుంది. పిలవను కూడా పిలవలేదు.

ఆదెమ్మ వణుకుతూనే కుడితి కలిపింది. వాడు తాగుతుంటే పక్కన కూర్చుని ఒకటే అనుకుంది. ఈసారి లేచాను. ఇంకోసారి లేవకపోతే?

అంతే! అప్పట్నించీ ఆవిడ కాలు ఒకచోట నిలిచిందా, నిలవలేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఎవరినో ఒకర్ని అడగాలి. అయ్యా, నేను పోయాక మా పుల్లడికి కుడితి ఎవరు పోస్తారు, మా నల్లికి గంజన్నం ఎవరు పెడతారు, మా గోరింకకి నూకలు ఎవరు చల్లుతారు? పొయ్యి మీద ఎసరు పెట్టి మర్చిపోయి వీధిలోకి పోయేది. సగం ముడిచిన జుట్టుతో కాలవ దాటేది.

కుమ్మరిని అడిగింది. నాదేముంది, మా ఆవిణ్ణి అడుగన్నాడు. కుమ్మరి పెళ్ళాన్ని అడిగింది. నాదేముంది, మా అత్తని అడుగంది. అత్తని అడిగింది. నాదేముంది, మా పిల్లిని అడుగు, గోరింకని చూస్తే అది ఊరుకుంటుందేమో కనుక్కో అంది. పిల్లిని అడిగింది. పిల్లి మీసాలు నాకింది. నవ్వకండర్రా! మీకు నవ్వులాటే, ఆవిడకి లోపల గానుగ తిరుగుతున్నట్టుంది.

పూలమ్మే సుబ్బులు ఒకటి అంది, ఇలాగే బెంగపడి పోయావంటే దెయ్యానివై కుడితికుండ పట్టుకుని ఈ వీధుల్లోనే తిరుగుతావే అని. ఆదెమ్మకి కోపం రాలేదు. "తిరుగుదును గానీ సుబ్బులూ, దెయ్యం చేత్తో పోస్తే ఎద్దు తాగుతుందంటావా?" అని అడిగింది. సుబ్బులు బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చివరికి ఆదెమ్మ కరణంగారి అరుగెక్కింది. కరణమంటే ఊళ్ళో రాతకోతలన్నీ చూసే ఆయన. అయ్యా, వీలునామా రాయండి, నా కొబ్బరితోట మా పుల్లడి పేర రాయండి అంది. వీలునామా అంటే తెలుసా? మనం పోయాక మన ఇల్లూ వాకిలీ ఎవరికి చెందాలో ముందే రాసిపెట్టే కాగితం. అప్పట్లో తాటాకు మీద గంటంతో రాసేవారు.

కరణంగారు మంచాయనే, కానీ నవ్వాపుకోలేకపోయాడు.

"పుల్లడు సిరాలో వేలు ముంచి నిశానీ వేస్తాడటే, ఆదెమ్మా? కాయలు దింపిస్తాడా? ఎవడైనా గట్టు తవ్వుకుంటే పోయి దెబ్బలాడతాడా?"

"లేదు బాబూ. గుడ్డివాడు."

"గుడ్డివాడని కాదే. చట్టం లెక్కన నీ ఇల్లు ఎలాగో, నీ గానుగ ఎలాగో, నీ ఎద్దూ అలాగే. అది నీ ఆస్తి. ఆస్తికి ఆస్తి ఎలా రాస్తాం? రోలుకి రోకలి రాసిచ్చినట్టుంటుంది. మనిషికి రాయి. ఆ మనిషి ఎద్దుని చూస్తాడు."

మనిషికి రాయి. బాగానే ఉంది, ఏ మనిషికి?

ఈ మాట వీరన్న చెవిన పడింది. వీరన్న ఎవరంటే ఆదెమ్మ మరిది కొడుకు, పెద్దవాడు. చెడ్డవాడు కాదర్రా. చీమని కూడా తొక్కడు. చీమ ఉందని చూస్తే కదా! బుర్రలో మాట అటు దూరి ఇటు పోయే మనిషి. వాడు అరిసెల మూట పట్టుకుని వచ్చాడు. "దొడ్డమ్మా, నేను లేనా? తోట నాకు రాయి. పుల్లణ్ణి నెత్తిన పెట్టుకుని చూస్తా" అన్నాడు. నిజంగానే అన్నాడు, మనసులో ఏమీ పెట్టుకుని కాదు.

ఆదెమ్మ కరణంగారింటి దాకా నడిచింది. వేలికి సిరా రాయించుకుంది. రాయించుకుని, వేలు ఆకు మీద ఆనించబోయి ఆగింది. ఎందుకాగిందో ఆవిడకే తెలీదు. బాబూ, తీర్థానికి వెళ్ళి పది పన్నెండు రోజుల్లో వస్తాను, వచ్చాక వేస్తాను, అందాకా వీటిని చూడరా వీరన్నా అని, ఆ వేలు కొంగుకి తుడుచుకుని, మూట కట్టుకుని బయల్దేరింది.

బయల్దేరిందే గానీ, కాళ్ళు ముందుకి, మనసు వెనక్కి. మొదటి మజిలీలో అన్నం సయించలేదు. రెండో మజిలీలో ఎక్కడో ఎద్దు రంకె వేస్తే లేచి నిలబడింది. మూడో మజిలీలో తోటివాళ్ళు ఇంకొక్క రోజే, గుడి కనిపిస్తుందన్నారు. ఆవిడ అక్కణ్ణించే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, స్వామీ, నువ్వు రాయిలా నిలబడి ఉంటావు, వాళ్ళు ఆకలితో నిలబడి ఉంటారు, ఏమీ అనుకోకు అని వెనక్కి తిరిగింది.

ఊ... అమ్మడు పడుకుందా? లేదా? సరే.

ఎనిమిదోనాడు మిట్టమధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చింది. చూస్తే పుల్లడు ఎండలో గుంజకి కట్టేసి ఉన్నాడు. నీడ నాలుగడుగుల్లోనే ఉంది, కానీ కట్టేసిన గుడ్డివాడు అక్కడికెలా పోతాడు? డొక్కలు లెక్కపెట్టచ్చు. నల్లి లేదు. గోరింక బుట్ట కింద బోర్లించి ఉంది. వీరన్న అరుగు మీద తాడు పేనుకుంటున్నాడు. దొడ్డమ్మని చూసి సంబరంగా లేచాడు. అదేమిట్రా అంటే, గడ్డి వేశాను దొడ్డమ్మా, మొన్ననో అటుమొన్ననో అన్నాడు. నల్లేదిరా అంటే, అయ్యో, ఉండాలే ఇక్కడే అని అరుగు కిందకి వంగి చూశాడు.

ఆవిడ గుంజ దగ్గరకి పరుగెత్తింది. పరుగెత్తేసరికి అక్కడ, ఎద్దు మొహం ముందు, ఓ తడి కుండ ఉంది. లోపల తవుడు అంటుకుని ఉంది. పుల్లడి మూతికీ తవుడే. ఎవరో ఇప్పుడే తాగించారు.

కంచె అవతల ఇంకో కుండతో దొరికింది మనిషి. వీరన్న తమ్ముడి పెళ్ళాం, వరహాలు. ఆ తమ్ముడు పడవల మీద సరుకు తోలుతూ నెలలో ఇరవై రోజులు ఊళ్ళో ఉండడు. పిల్లలతో ఆ పిల్లే నెట్టుకొస్తుంటుంది. నల్లి ఆ పిల్ల వెనకే కుంటుకుంటూ వస్తోంది. కట్టు విప్పి నీడకి మార్చడానికి బావగారికి చెప్పకుండా ఎలాగని జంకి, ఊరికే తవుడునీళ్ళు పోసిపోతోందట.

ఆదెమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "రావే వరహాలూ, కరణంగారి దగ్గరకి రా. తోట నీకే. ఇప్పుడే."

వరహాలు ఏమనాలి? సంతోషం అత్తా అనాలి. అనలేదు.

"నాకు రాయకు పెద్దత్తా."

"ఏమే? చూడవా?"

"ఇవాళ చూస్తున్నా. దారిన పోతూ చూస్తున్నా గనక నాకు బరువు తెలీట్లేదు. తోట నాదైపోయాక, ఓ ఏడు పంట పోయిందనుకో, పిల్లలకే గంజి చాలలేదనుకో. అప్పుడీ ముసలెద్దుని చూసి నా మనసు ఏమంటుందో నాకు తెలీదత్తా. ఇది ఎప్పుడు పోతుందా అని ఒక్కసారి అనుకున్నా అది పాపమే కదా. నామీద నాకే నమ్మకం లేదు."

ఆదెమ్మకి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. పెరట్లో ఆ చివర్నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగింది. ఇంత నిజం చెప్పే మనిషి దొరికింది, ఆ మనిషే వద్దంటోంది! తిరిగీ తిరిగీ, మరి ఎలా చావమంటావే నన్ను అని అరిచింది. వరహాలు కుండ కింద పెట్టి, కాసేపు ఆలోచించి, తాపీగా చెప్పింది.

ఏం చెప్పిందో వినండి, ఇక్కడే ఉంది తెలివి. తోట నాది కానక్కర్లేదు అంది. ఈ మూడు ప్రాణాల్లో ఒక్కటి బతికి ఉన్నంత కాలం తోట మీద వచ్చే కాయ నాకు రానీ. మూడూ పోయిన రోజు కాయ ఆగిపోవాలి. అప్పుడు నేను వీటి చావు కోరను, ఆయుష్షు కోరతాను. తర్వాత ఆ తోట నా పిల్లలకీ వద్దు, బావగారికీ వద్దు, ఇంట్లో ఎవరికొచ్చినా వాళ్ళ కన్ను వీటి మీద పడుతుంది. ఊళ్ళో పనికిరావని తోసేసిన ముసలి గొడ్లుంటాయి కదా, వాటి నీడకి వదిలెయ్. ఇంకోటి, నేను సరిగ్గా చూస్తున్నానో లేదో చూడ్డానికి మనవాడు కానివాడు ఒకడుండాలి. కరణంగారు ప్రతి అమావాస్యకీ వచ్చి చూసి పోవాలి, వచ్చినప్పుడల్లా ఒక గెల ఆయనది.

ఆదెమ్మ నోరు తెరుచుకుని విన్నది. ఇద్దరూ పోయి చెబితే కరణంగారూ విన్నాడు, బుర్ర గోక్కున్నాడు. ఇలాంటిది మా తాత రాయలేదు, మా నాన్న రాయలేదు, రాజుగారి ముద్ర పడితే తప్ప రేపు ఎవడైనా కొట్టిపారేస్తాడు అన్నాడు.

రాజుగారి కోట రెండు రోజుల నడక. సరే, వెళ్దాం అంది ఆదెమ్మ. కానీ ఈసారి వీటిని ఎవరికీ వదలను అంది. ఇక చూడండర్రా ఊరేగింపు! ముందు కరణంగారు, వెనక భుజం మీద గోరింకతో ఆదెమ్మ, వెనక పుల్లడు, వాడి వెనక కుంటుకుంటూ నల్లి, చంకలో పిల్లతో వరహాలు. గుడ్డెద్దుని నడిపించేదెవరు? మీరు పట్టుకోండి బావగారూ అని వరహాలు పలుపుతాడు వీరన్న చేతిలో పెట్టింది. వాడు తలొంచుకుని పట్టుకున్నాడు.

నాలుగో కాలవ దగ్గర తాటిదుంగల వంతెన. పుల్లడు కాలు పెట్టి, దుంగ కదిలితే బెదిరి ఆగిపోయాడు. వీరన్న గుంజాడు. వాడు రాడు. వెనక్కెళ్ళి తోశాడు. కదలడు. ఆదెమ్మ ఇవతల ఒడ్డున నిలబడలేక, వంతెన ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, "గుంజకురా! వాడికి కళ్ళు లేవు, చెవులున్నాయి. మాట చెప్పు!" అంది.

వీరన్నకి ఎద్దుతో ఏం మాట్లాడాలో తెలీలేదు. సిగ్గుపడుతూ మొదలెట్టాడు. ఇదిగో దుంగ. ఇదిగో సందు, పొడుగ్గా వెయ్ అడుగు. ఆ, అంతే. ఇంకోటి. పుల్లడు చెవులు వాడి గొంతు వైపు తిప్పాడు. ఒక్కో గిట్ట తీసి, వాసన చూసి, వేశాడు. అవతలి ఒడ్డుకొచ్చేసరికి ఎద్దు మూతి వీరన్న భుజం మీద ఆనించి ఉంది. అక్కణ్ణించి కోట దాకా తాడు వదులుగా వేలాడుతూనే ఉంది, వీరన్న చెబుతూనే ఉన్నాడు, ఎత్తుందిరా, పల్లముందిరా, రాయుందిరా అని.

కోటలో రాజుగారు అంతా విన్నాడు. సభలో వాళ్ళు ఎద్దుని చూసి నవ్వారు, కుక్కని చూసి నవ్వారు. రాజుగారు నవ్వలేదు. వరహాలు కేసి చూసి, తెలివైనదానివే అమ్మాయ్, కానీ నీ ఏర్పాటులో ఓ చిక్కుంది, ఈ ఎద్దు నూటయాభై ఏళ్ళు బతుకుతుంది అన్నాడు.

అందరూ తెల్లబోయారు.

"ఎద్దు బతికున్నన్నాళ్ళే కదా నీకు కాయ! ఇది పోతే ఇంకో పుల్లెద్దుని తెచ్చి కడతావు. అది పోతే ఇంకోటి. అమావాస్యకొచ్చే కరణానికి ఏం తెలుస్తుంది?"

వరహాలు మొహం ఎర్రబడింది. నేనలా చెయ్యను ప్రభూ అనలేదు. తలొంచుకుని, ఆ ఆలోచన నాకు రాలేదు అంది.

అప్పుడు ఆదెమ్మ ముందుకొచ్చింది. అయ్యా, రాయించుకోండి, ఎలాంటి వాడో చెబుతాను అంది. కళ్ళు మూసుకుంది. మూసుకుని, పుల్లడి ఒంటి మీద చెయ్యి వేసి చెప్పుకుంటూ పోయింది. ఎడమ చెవికి కొడవలి గాటు, వాడికి రెండేళ్ళప్పుడు. మెడ మీద కాడి రాసుకుని అరచెయ్యంత మేర వెంట్రుక మొలవదు. కుడి మోకాలి కింద వంకర ఎముక, గానుగ దిమ్మ మీద పడ్డనాటిది. నుదుట రెండు సుళ్ళు, ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు తిరిగి. రాయసకాడు రాస్తూనే ఉన్నాడు. రాజుగారే దిగివచ్చి ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి, ఔను, ఔను అన్నాడు. నల్లివీ రాయించింది. గోరింక మాటకొచ్చేసరికి అదే "ఆదీ!" అని అరిచింది. ఇక దానికి గుర్తులెందుకు అన్నాడు రాజుగారు.

అంతా అయ్యిందనుకున్నారు. ముద్ర చేతిలోకి తీసుకుని రాజుగారు ఇంకోటి అడిగాడు. "ఈ అమ్మాయికే వీటికన్నా ముందు ఏదైనా అయితే?"

ఆదెమ్మ వరహాలు కేసి చూసింది. చంకలో పసిపిల్లతో నిలబడ్డ మనిషి గురించి అలాంటి మాట ఎలా అనుకుంటుంది? కానీ అనుకోవాలి. కుమ్మరి, సుబ్బులు, కరణంగారు, ఒక్కొక్కరి మొహమూ తలుచుకుంది. ఎవరి మీదా మనసు ఆగలేదు. ఇంత దూరం వచ్చి మళ్ళీ మొదటికేనా అని చేతులు నలుపుకుంటుంటే, వెనకనుంచి ఒక గొంతు.

"తన తర్వాత నేను చూస్తా దొడ్డమ్మా."

వీరన్న. ఆదెమ్మ వాణ్ణి చూసింది. ఎండలో గుంజ గుర్తొచ్చింది. "ఒకసారి చూశావుగా నాయనా" అంది.

వాడు తల దించుకోలేదు. "అప్పుడు వీడు నాకు ఎద్దు. అదీ దొడ్డమ్మా నా తప్పు. రెండు రోజుల్నించీ వీడితో మాట్లాడుతున్నాను. ఇప్పుడు మర్చిపోదామన్నా మర్చిపోలేను. కాయ నాకొద్దు. పేరు రాయించు చాలు."

ఆదెమ్మ పుల్లడి కేసి చూసింది. వాడు ఆ కొత్త చోట, ఆ జనంలో, చెవులు వీరన్న వైపే పెట్టుకుని ఉన్నాడు. రాయండి బాబూ, వరహాలు తర్వాత వీరన్న అంది. ఇల్లూ గానుగా కూడా వీడి పేర రాయండి, దానికి షరతేమీ వద్దు అంది. వీరన్న గుడ్లప్పగించాడు. రాజుగారు ముద్ర వేశాడు.

తిరుగు దారిలో, కాలవ ఒడ్డున ఒక నేరేడు చెట్టు కింద, కాస్త ఆగుదామర్రా అంది ఆదెమ్మ. కూర్చుంది. కూర్చున్నది వాలింది. వాలింది నిద్రపోయింది. పొద్దు నడినెత్తి నుంచి పడమటికి దిగేదాకా కదల్లేదు. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

తర్వాతా? తర్వాత నాలుగేళ్ళు హాయిగా బతికింది. కార్తీకమాసంలో ఓ పొద్దున, వరహాలు చేతి గంజి తాగి, బాగుందే, ఉప్పు సరిపోయిందే అని పోయింది. దెయ్యమూ అవలేదు, ఏమీ అవలేదు. ముందు గోరింక పోయింది, మరుసటేడు నల్లి. పుల్లడు ఇంకో రెండేళ్ళున్నాడు. కరణంగారు అమావాస్యకొచ్చి గాటూ మచ్చా చూసి గెల పట్టుకుపోయేవాడు. వీరన్నకి అమావాస్య అక్కర్లేదు, రోజూ వచ్చేవాడు. పుల్లడు పోయిన రోజు వరహాలు ఏడ్చింది, వీరన్న ఊరంతా వినబడేలా ఏడ్చాడు.

మర్నాడు వరహాలే తోట తడిక తీసి పక్కన పెట్టింది. ఎక్కడెక్కడివో ముసలి గొడ్లు ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి. వరహాలు మొగుడు కూడా పడవ మానుకుని వచ్చాడు, అన్నదమ్ములిద్దరూ గానుగ మళ్ళీ తిప్పారు. నూనె తీయగా మిగిలిన తెలకపిండి అంతా తోటలోకే. ఓ పొద్దున డప్పులు మోగాయి. ఏమిటా అని వీరన్న వెళ్ళి చూస్తే, రాజుగారి పట్టపుటేనుగు! దంతాలు పసుపుపచ్చగా, కంటి నిండా నీళ్ళతో, ఇక అంబారీ మొయ్యలేని ముసలి ఏనుగు, తడిక దగ్గర నిలబడి ఉంది. మావటివాడు దండం పెట్టి, రాజుగారు పంపారండి అన్నాడు. వీరన్న దాన్ని కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చూసి, "వరహాలూ! కుండ చాలదు, కాగు పట్రా!" అని కేకేశాడు. కేకేసి, మెల్లిగా ఏనుగు చెవి దగ్గరకి జరిగి, ఇదిగో ఇక్కడ గట్టుందమ్మా, చూసుకుని అడుగెయ్యి అని మొదలెట్టాడు.

అదర్రా సంగతి. మన చేతి ముద్దకి అలవాటుపడ్డ నోరు ఏదైనా, మన తర్వాత దానికి ముద్ద ఎవరు పెడతారో మనమే చెప్పి పోవాలి. దానికి మాట లేదు. ఉన్నది మనకే. చెప్పడం ఒక్కటే కాదు, చూసేవాడెవడు, వాడు కాకపోతే ఎవడు, అన్నీ నిలబెట్టి మరీ పోవాలి.

కథేమో కంచి బండి ఎక్కేసింది. మనకి బండీ లేదు, దుప్పటుంది. కప్పుకోండి.